తుకాంగ్ అన్న మాట

మా మామగారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున్న గంజి తాగి, గిన్నె తానే కడిగి బోర్లించి, అరుగు మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారు. తెలుక్ ఆన్సన్ చుట్టుపక్కల తోటల్లో ఆయన పడవెక్కి ఏరు దాటనివాళ్ళు తక్కువ. కబురు అందనివాళ్ళ కోసం ఈ నాలుగు ముక్కలు. మామగారి గురించి కోడలు రాయడమేమిటని ఎవరైనా నొసలు చిట్లిస్తే చిట్లించనీండి. ఆయనతో నా అంత పోట్లాడినవాళ్ళు ఇంకెవరూ లేరు.

చీకాకోలు వైపు సముద్రపు ఊరి నుంచి రబ్బరు తోట పనికి ఈ మలాయ్ దేశం వచ్చి, ఒప్పందం తీరాక, తోటకూ పట్నానికీ మధ్య పేరాక్ ఏటి మీద పడవ నడిపారు. ఎడమ చెవి బొత్తిగా వినపడదు. కుడి చెవి దాని ఇష్టం. అందుకని ఏ చెక్కనైనా వేలి కణుపుతో కొట్టి, అరచెయ్యి ఆనించి చూసేవారు. "నా సెవులు సేతుల్లో ఉన్నాయమ్మా" అనేవారు. పడవను 'ముసల్ది' అని పిలిచేవారు. ఎక్కే ముందు దోసెడు నీళ్ళు దాని ముక్కు మీద చల్లి, "పోదాం రాయే" అని బతిమాలేవారు. మా అత్తగారిని కూడా ఆయన అంత ముద్దుగా పిలవగా ఎవరూ వినలేదు.

ఆ ముసల్దంటే నాకు ఒళ్ళు మంట. ఎందుకో చెబుతాను. నా మొదటి బిడ్డ ఇంట్లోనే, మంత్రసాని చేతుల్లోనే పోయింది. రెండోసారి నొప్పులు రాగానే అవతలి గట్టు ఆసుపత్రికని ఆ పడవలో ఎక్కించారు. నడి ఏట్లో అడుగంతా నీళ్ళు. వెనక్కి తిప్పారు. గట్టు చేరేసరికి ఆలస్యమైపోయింది. ఆ బిడ్డ ఏడుపు నేను వినలేదు.

మూడోసారి నాకు తొమ్మిదో నెల పడింది. ఏటి వరదలో కొట్టుకొచ్చిన దుంగ ఒకటి రేవులో కట్టేసిన ముసల్దాన్ని గుద్దింది. పక్క చెక్కలు రెండు విరిగి, నడిమి అతుకు నోరు తెరిచింది. నిజం చెప్పడానికేం, నాకు సంతోషమే వేసింది.

"దాన్ని పొయ్యిలో పెట్టండి మావయ్యా. కొత్తది కట్టించండి" అన్నాను.

"కొత్తదానికి నెల పడతాదమ్మా. వాన పట్టిందంటే రెండు. నీకు నెల కూడా లేదు."

"దాన్లో ఎక్కి సచ్చేకంటే ఇంట్లోనే సస్తాను!"

ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నారు. మా ఆయన అటు తండ్రికీ ఇటు పెళ్ళానికీ మధ్య నలిగి నలిగి, చివరికి ఒక దారి చెప్పారు. పడవలు కట్టే మలాయ్ పెద్దమేస్త్రి ఉన్నాడు కదా, మేమంతా తుకాంగ్ అనేవాళ్ళం, ఆయన్ని పిలుద్దాం, ఆయన ఏ మాటంటే అదే ఖాయం. ఇద్దరం ఒప్పుకున్నాం.

తుకాంగ్ వచ్చాడు. కడుపుతో ఉన్నదాన్ని రేవులోకి రావద్దన్నారు గనక గుమ్మంలోంచి చూస్తూ నిలబడ్డాను. ఆయన పడవ చుట్టూ తిరిగాడు, సుత్తితో నాలుగు చోట్ల కొట్టాడు, తాంబూలం నోట్లో పెట్టుకునే ఏదో అన్నాడు. ఏట్లో పోటు నీళ్ళు తగ్గిపోతున్నాయని వెంటనే తన పడవెక్కి వెళ్ళిపోయాడు. మామగారు గట్టెక్కి పరుగులాంటి నడకతో వచ్చారు.

"బోర్లా అన్నాడమ్మా! బోర్లా తిప్పమన్నాడు. తిప్పి బాగుసేసుకోమనే కదా!"

మలాయ్ మనిషికి తెలుగు మాట ఎలా వచ్చిందని నాకు అనుమానమే రాలేదు. మా గట్టున అన్ని భాషలూ ఒకే కుండలో ఉడికేవి. వాళ్ళ మాటలు మా నోట, మా మాటలు వాళ్ళ నోట ఎప్పుడో ఎక్కేశాయి. మాటిచ్చాను గనక నోరు మూసుకున్నాను.

ఆరుగురు కలిసి ముసల్దాన్ని మా పెరట్లోకి మోసుకొచ్చి బోర్లా తిప్పారు. మామగారు కొత్త చెక్కలు రెండు వేశారు. అతుకుల్లో కొబ్బరి పీచు దట్టించి, గుగ్గిలం నూనెలో కాచి పూశారు. నేను రోజూ నడుం మీద చెయ్యి వేసుకుని పోయి, "ఇక్కడ సందుంది, అక్కడ పీచు లేచింది" అని వంకలు పెట్టేదాన్ని. ఒక్క వంకకీ విసుక్కోలేదు. "నువ్వే నా తుకాంగువమ్మా" అని నవ్వేవారు.

ఒకనాడు గుగ్గిలం చాలక మలాయ్ పల్లెకు వెళ్ళి వచ్చారు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. అన్నం ముట్టలేదు. "ఏటైంది మావయ్యా?" అంటే "ఎండ తగిలినాదమ్మా" అన్నారు. ఆ రోజు నుంచి నవ్వడం మానేశారు. పూసిన అతుకునే మళ్ళీ మళ్ళీ పూసేవారు. నీళ్ళు తోడే చిప్పలు ఒకటి ఉండేచోట మూడు పెట్టారు. వయసు మీద పడింది, చాదస్తం అనుకున్నాను.

పది రోజులు ముందే నొప్పులొచ్చాయి. మధ్యాహ్నం, కుండపోత వాన. పల్లెవాళ్ళ పడవలన్నీ చేపలకు పోయాయి. రేవులో ముసల్దొక్కటే ఉంది. దాన్ని చూడగానే రేవు గుంజ పట్టుకుని ఆగిపోయాను.

"నానెక్కను."

మామగారు నా ముఖంలోకి చూసి, మెల్లగా, "తుకాంగ్ సెప్పినాడు కదమ్మా" అన్నారు.

ఎక్కాను.

ఆ రోజు ఆయన నీళ్ళు చల్లలేదు, ముసల్దాన్ని బతిమాలలేదు. తెడ్డు మా ఆయనకిచ్చి, ఎప్పుడూ లేంది తాను పడవ నడుమన, నా కాళ్ళ దగ్గర కూర్చున్నారు.

"అక్కడ కూకున్నారేటి?"

"నీకు తోడు."

పోయినసారి వెనక్కి తిప్పిన చోటు వచ్చింది. ఆ చోటు నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. కింద చెయ్యి పెట్టి చూశాను. తడి. వేళ్ళు మునిగేటంత తడి.

"మావయ్యా, ఇది వానా, ఏరా?"

"వానే."

"ఒట్టు?"

"వానేనమ్మా. కళ్ళు మూసుకో." ఒక చేత్తో చిప్పతో తోడుతూనే ఉన్నారు.

దాటాం. దీపాలు పెట్టే లోపల నా కూతురు పుట్టింది. దాని ఏడుపు నేను విన్నాను. బయట వసారాలో ఆయన కూడా విన్నారట, ఆ కుడి చెవితోనే. గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చారని మా ఆయన తర్వాత చెప్పారు.

ఆ పిల్లకిప్పుడు పదహారు. ఇన్నేళ్ళూ నేను ఎగతాళి చేస్తూనే ఉన్నాను: "సూసినారా, మీ తుకాంగ్ సెప్పినాడు గనక ఎక్కినాను, మీరు సెప్పుంటే ఎక్కుదునా?" ఆయన తల ఊపి ఊరుకునేవారు.

మామగారు పోయిన మూడో రోజు తుకాంగ్ పరామర్శకు వచ్చాడు. ఆయనకీ పళ్ళన్నీ పోయాయి. పెరట్లో బోర్లా పడి ఉన్న ముసల్దాన్ని చూసి నిలబడిపోయాడు. మా ఇంట్లో అందరం ఎరిగిన మలాయ్‌లోనే నాతో చెప్పాడు.

"నేను 'బారూ లా' అన్నాను తల్లీ. కొత్తదే కట్టాలన్నాను. మీ మామ బోర్లా అని విన్నాడు. గుగ్గిలానికి వచ్చినప్పుడు మళ్ళీ చెప్పాను. నా మెట్ల మీద తల పట్టుకుని కూర్చుండిపోయాడు. కొత్తది ఎన్నాళ్ళకవుతుందన్నాడు. వానల్లో రెండు నెలలన్నాను. కోడలికి చెప్పొద్దు, తెలిస్తే ఎక్కదు, ఎక్కకపోతే ఈ బిడ్డా దక్కదు అన్నాడు."

నేను ముసల్దాని అడుగు మీద అరచెయ్యి ఆనించాను.

"లేచి వెళ్తూ ఒక్కటే అడిగాడు. విడిపోతే ముందు ఎక్కడ విడిపోతుందని. నడిమి అతుకని చూపించాను."

అప్పుడు గుర్తొచ్చింది. నొప్పుల్లో చూసి మరిచిపోయినదే. వానలో తడిసి ముద్దయిపోయి నా కాళ్ళ దగ్గర కూర్చున్న మామగారు, రెండు మడమలూ ఆ అతుకు మీద ఆనించి, కాలివేళ్ళు తెల్లగా పాలిపోయేటంత బలంగా తొక్కిపట్టి, నా కళ్ళలోకి చూస్తూ "వానే" అన్నారు.