తలకిందులుగా నిలబడ్డ సీసా

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నేను వాళ్ళను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి మరీ వాదించే మనిషిని. ఇప్పటికీ వాదిస్తాను. బీఎస్సీలో ఫిజిక్స్ చదివాను. పోర్ట్ బ్లెయిర్ శివారు గరాచర్మలో మా ఆయనతో కలిసి ఎలక్ట్రికల్ షాపు నడుపుతున్నాను. స్విచ్చి వెయ్యకుండా బల్బు వెలిగిందంటే వైరింగులో లోపం ఉందంటాను తప్ప ఇంకో మాట నా నోట రాదు. కింద రాసేది దయ్యం కథ అని నేను చెప్పడం లేదు. మరి ఏమిటో చెప్పమంటే అదీ చెప్పలేను. నా ఇబ్బంది అదే.

ముందు రత్నం గురించి చెప్పాలి. పూర్తి పేరు నూకరత్నం. వాళ్ళది శ్రీకాకుళం తీరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చి స్థిరపడ్డ చేపల వేట కుటుంబం. ఇద్దరం ఒకే బడిలో, ఒకే బెంచీ మీద చదువుకున్నాం. తర్వాత నేను కాలేజీకి వెళ్ళాను, ఆమె పెళ్ళి చేసుకుంది. సునామీలో ఒడ్డు పక్కనున్న ఇల్లు పోయాక, సముద్రం కంటికి కనిపించని చోటు కావాలని పట్టుబట్టింది. మా పక్క స్థలం ఖాళీగా ఉందని చెప్పింది నేనే. అలా మా ఇద్దరి వంటిళ్ళకూ మధ్య ఒక్క గోడే మిగిలింది. ఆ గోడకు అటూ ఇటూ నిలబడి మేం పోట్లాడుకోని రోజు లేదు.

అండమాన్‌లో నేల అప్పుడప్పుడు కదులుతుంది. మాకది వార్త కాదు. ఫ్యాను ఊగుతుంది, గిన్నెలు గలగలమంటాయి, అందరూ బయటికొచ్చి రెండు మాటలాడుకుని లోపలికి పోతారు. మిగతావాళ్ళకు తెలియని చిన్న కదలికలు కూడా రత్నానికి తెలిసేవి. సునామీ తర్వాత ఆమె పాదాలకు ఆ గుణం పట్టుకుంది. నాకు మాత్రం పెద్దవి కూడా తెలిసేవి కావు. అందరూ పరిగెత్తుతుంటే ఎందుకు పరిగెత్తుతున్నారని అడిగినదాన్ని నేను.

నేల కదలగానే రత్నం అరచేత్తో గోడ మీద కొట్టేది.

“ఏటే, తెలిసిందా?”

“లారీ వెళ్ళుంటుంది.”

“నీ మొకం. లారీకీ భూకంపానికీ తేడా నా కాళ్ళకి తెలీదేటి?”

కాసేపాగి ఫోన్లో భూకంపాల సైటు చూస్తే అందులో ఉండేది. ప్రతిసారీ ఆమే నెగ్గేది. నాకు ఒళ్ళు మండేది.

నా మొద్దుతనం చూసి భయపడి ఆమె మా వంటింట్లో ఒక ఏర్పాటు చేసింది. ఫ్రిజ్ మీద స్టీలు పళ్ళెం, పళ్ళెంలో ఖాళీ సాస్ సీసా, తలకిందులుగా. సన్నటి మూతి మీద నిలబడి ఉంటుంది. నేల కదిలితే పడి పళ్ళెంలో మోగుతుంది. “కాళ్ళకి తెలీకపోతే పోనీ, చెవులకైనా తెలుస్తాది” అంది. పడినప్పుడల్లా తనే వచ్చి నిలబెట్టేది. వేలు నీళ్ళలో ముంచి మూతి చుట్టూ తడి రాసి, ఊపిరి బిగబట్టి సీసాను ఆనించి, రెండు చేతులూ మెల్లగా తీసేది. నేనూ మా ఆయనా ఎన్నిసార్లు ప్రయత్నించామో చెప్పలేను. మా చేతిలో అది ఒక్కసారీ నిలబడలేదు.

వాళ్ళింట్లో సీసా లేదు. ఎందుకు పెట్టుకోలేదని అడిగితే, “నాకెందుకే, నేనే సీసాని” అని నవ్వింది.

పోయిన వానాకాలం చివర్లో గోడ మీద చప్పుడు ఎక్కువైంది. “ఊగీసింది, తెలిసిందా?” అనేది. సైటు చూస్తే ఏమీ లేదు. మా సీసా కదల్లేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి నేను నెగ్గాను. ఊరుకుంటానా? ఆమెను చెయ్యి పట్టుకుని మా వంటింట్లోకి లాక్కొచ్చి ఫ్రిజ్ మీదకు చూపించాను.

“చూడు, నీ సీసాయే చెప్తోంది. నేల కదల్లేదు. కదిలింది నీ తల. రేపు వెళ్ళి బీపీ చూపించుకో.”

“నీకూ బుద్ధి నేదు, ఆ సీసాకీ బుద్ధి నేదు.”

“రత్నం, నేను మజాక్ చెయ్యడం లేదు.”

“చూపించుకుంటానే, అరవకు” అని మా పెరట్లో కరివేపాకు తుంచుకుని వెళ్ళిపోయింది.

చూపించుకోలేదు. ఆ వారంలోనే చేపల బజారులో, సూర్మై బేరం మధ్యలో కూలబడింది. నేను షాపు వదిలి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. ఈ మధ్య తల తిరుగుతోందని గాని, తూలుతోందని గాని అందా అని డాక్టరు అడిగారు. నేనూ రత్నం కూతురు గౌరీ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఏడుపు సంగతి రాయను. అందరూ ఏడుస్తారు. గౌరి మాత్రం ఏడవలేదు. నా దగ్గరికి వచ్చి ఒకే మాట అడిగేది.

“అమ్మ గోడ పట్టుకుని నిలబడి ఊగుతోందంది పిన్నీ. నేను ఫోన్ చూసుకుంటూ అచ్ఛా అమ్మా అన్నాను. నిజంగా నేల కదల్లేదా? చిన్నచిన్నవి సైటులో రావట కదా?”

నేల కదిలి ఉంటే ఆ పిల్ల తప్పేమీ లేదు. కదలకపోయి ఉంటే, అమ్మ జబ్బు కళ్ళముందే కనబడుతున్నా పట్టించుకోలేదని జన్మంతా కుమిలిపోతుంది. ఆమెకు ఎంతో కొంత ఊరట కలిగేలా ఏదో ఒకటి చెప్పొచ్చు. కానీ సీసా చూపించి గెలిచానని వీధంతా చెప్పుకున్నది నేనే. గౌరి కూడా విన్నది. ఇప్పుడు కదిలిందని ఏ మొహంతో చెప్పను? “మీ అమ్మకు నేనే చెప్పాను, వినలేదు. నీ తప్పు కాదు” అనేదాన్ని. ఆ మాట ఆ పిల్లకు ఎక్కేది కాదు.

రత్నం పోయిన రోజున మా ఇంటికి మనుషులు వచ్చిపోతుంటే ఎవరి చెయ్యో తగిలి సీసా పడిపోయింది. పళ్ళెంలో అలాగే అడ్డంగా ఉంది. దాన్ని నిలబెట్టే మనిషి లేదు. తీసెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు.

పెద్దకర్మ రోజు పొద్దున వాళ్ళింటికి జల్లెడ కావాలంటే ఫ్రిజ్ మీద పళ్ళెం పక్కనున్న పెద్ద జల్లెడ తీశాను. సీసా దొర్లి నా వేళ్ళకు తగిలింది. దాన్ని పళ్ళెం మధ్యకు నెట్టాను. కాబట్టి అది పడి ఉందన్నది నా ఊహ కాదు. తర్వాత ఇంటికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకున్నాను. మా ఇంటికి ఉన్నది ఆ ఒక్క తాళంచెవే. మా ఆయన పొద్దుటి నుంచీ వాళ్ళింట్లోనే కుర్చీలు సర్దుతూ, వచ్చినవాళ్ళను కూర్చోబెడుతూ నా కళ్ళముందే ఉన్నాడు.

భోజనాలయ్యాక మధ్యాహ్నం రత్నం వంటింట్లో సింకు దగ్గర నిలబడి గరిటెలు కడుగుతున్నాను. గౌరి పక్కన తుడుస్తోంది. అప్పుడు నా కాళ్ళ కింద నేల పక్కకు జరిగి మళ్ళీ వెనక్కి వచ్చింది.

కళ్ళు తిరిగాయేమో అంటారు. కళ్ళు తిరిగితే చుట్టూ ఉన్నవి తిరుగుతాయి. నాకు కుళాయి, కిటికీ, బయట బొప్పాయి చెట్టు ఎక్కడివక్కడే ఉన్నాయి. అరికాళ్ళకు మాత్రమే తెలిసింది. జెట్టీ దగ్గర కట్టేసిన పడవలోకి అడుగు పెట్టినట్టు. జీవితంలో మొదటిసారి నాకు నేల కదలడం తెలిసింది. నాకు తెలియకుండానే నా అరచెయ్యి వెళ్ళి గోడ మీద పడింది. అదే గోడ. ఇన్నాళ్ళూ నేను అటువైపు నుంచి విన్న చప్పుడు.

“బయటికి నడవండి, భూకంప్” అని కేకేశాను.

అందరూ వాకిట్లోకి వచ్చారు. ఎవరికీ ఏమీ తెలియలేదు. ఎదురింటి బెంగాలీ ఆవిడ గేటు దగ్గరే కూర్చుని ఉంది. “కుఛ్ నహీ హువా దీదీ” అని తల అడ్డంగా ఊపింది. రత్నం ఆడపడుచు విసుక్కుంది. “ఏటమ్మా ఇది, కర్మకొచ్చినోళ్ళని పరిగెత్తించీసినావు.” పెరట్లో నీళ్ళ డ్రమ్ము చూశాను. నిండుగా ఉన్న నీళ్ళ మీద అల కూడా లేదు. సైటు చూశాను. ఏమీ లేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

గౌరి మొహం పాలిపోయింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“అమ్మకీ ఇలాగే. చలో పిన్నీ, ఆసుపత్రికి.”

“నాకేం కాలేదే.”

“అమ్మ కూడా ఇదే అంది. మళ్ళీ అచ్ఛా అనమంటావా?”

నేను చెప్పులు వేసుకున్నాను. మా ఆయన షాపు వ్యాను తీశాడు. ఆసుపత్రిలో బీపీ చూశారు, రక్తం తీశారు, తలకు స్కాన్ కూడా చేశారు. అన్నీ సరిగానే ఉన్నాయి. నిద్రలేమి, దుఃఖం, నీరసం అన్నాడు కుర్ర డాక్టరు. రెండుసార్లు వడ్డించుకుని తిన్నదాన్ని, నీరసం ఎక్కడిదని అడిగాను. గౌరి నన్ను గుమ్మం బయటికి లాక్కొచ్చింది. దారంతా నా చెయ్యి వదల్లేదు.

ఇంటికొచ్చి కొంగు ముడి విప్పి నేనే తాళం తీశాను. గౌరి నాకు టీ పెట్టి ఇస్తానని ముందు వంటింట్లోకి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

“పిన్నీ, సీసా నువ్వు నిలబెట్టావా?”

ఫ్రిజ్ మీద పళ్ళెంలో సీసా తలకిందులుగా నిలబడి ఉంది. మూతి చుట్టూ పళ్ళెంలో సన్నటి గుండ్రం, తడిగా. వేలు పెట్టి చూశాను. తడే. వెనక తలుపు గడియ లోపలి నుంచి వేసే ఉంది. కిటికీలు మూసే ఉన్నాయి.

మా ఆయన వచ్చి చూసి, “ఎవరు పెట్టారు?” అన్నాడు. ఆయనకు అబద్ధం చెప్పడం రాదు. చెప్పినా నాకు తెలిసిపోతుంది.

నాకు తోచిన దారులన్నీ వెతికాను. నేను గోడ మీద కొట్టిన దెబ్బకు అయి ఉంటుందన్నాడు షాపుకొచ్చిన ఒకాయన. దెబ్బకు నిలబడ్డ సీసా పడిందంటే ఒప్పుకుంటాను. పడి ఉన్నది లేచి మూతి మీద నిలబడుతుందా? నేనే నిలబెట్టి మరిచిపోయానన్నారు ఇంకొకరు. నా చేతిలో అది ఎన్నడూ నిలబడనే లేదు. పోనీ నిలబెట్టాననే అనుకుందాం. పొద్దుటి తడి సాయంత్రం దాకా ఆ పళ్ళెంలో ఆరకుండా ఉంటుందా?

ఇంతకంటే నన్ను తికమక పెట్టేది ఇంకొకటి ఉంది. ఆ సాయంత్రం గౌరి సీసా వైపే చూస్తూ అడిగింది. “ఇంతకీ అమ్మ ఏమంటోంది పిన్నీ? ఊగిందంటోందా, ఊగలేదంటోందా?”

సీసా నిలబడి ఉంటే నేల కదలనట్టు. ఆ వాదన నాది. అదే వాదనతో రత్నాన్ని ఓడించాను. ఇప్పుడు సీసా నిలబడి ఉంది, నాకేమో నేల కదిలింది, నా తలలో ఏమీ లేదని స్కాన్ చెప్తోంది. అంటే నేను చెప్పింది నిజమేనని ఆమె ఒప్పుకుందా? లేక, సీసా నిలబడి ఉన్నా కాళ్ళకు తెలుస్తుంది, ఇప్పుడేమంటావే అని నన్ను ఎగతాళి చేసిందా? నేను ఒక చనిపోయిన మనిషి వాదనకు జవాబు వెతుకుతున్నానని రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. కానీ వెతుకుతున్నాను.

“నాకు తెలీదమ్మా” అన్నాను గౌరితో. నేను తెలియదని ఒప్పుకోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. తర్వాత నేల మీద కూర్చుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుని, తల్లి పోయాక మొదటిసారి ఏడ్చింది. అప్పటి నుంచి నేల కదిలిందా అని మళ్ళీ అడగలేదు. ఏమనుకుని ఊరుకుందో నేనూ అడగలేదు.

కొన్నాళ్ళకు నిజంగానే నేల కదిలింది. వేరే దీవిలో, రంగత్‌లో ఉన్న మా చెల్లికి కూడా తెలిసింది, సైటులోనూ వచ్చింది. సీసా పళ్ళెంలో పడి ఠంగుమని మోగింది. నేను అదే వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. నా కాళ్ళకు ఏమీ తెలియలేదు. ఎప్పటిలాగే. అటువైపు నుంచి గోడ మీద అరచేతి చప్పుడు వినిపించింది.

“పిన్నీ, తెలిసిందా?”

“లారీ వెళ్ళుంటుంది” అన్నాను.

గౌరి నవ్వుకుంటూ వచ్చింది. ఇద్దరం కలిసి సీసా నిలబెట్టాలని చూశాం. వేలు తడిపాం, ఊపిరి బిగబట్టాం, వాళ్ళమ్మ ఎలా పట్టుకునేదో గుర్తు చేసుకుంటూ ఒకరి చేతుల మీద ఒకరం చేతులు వేసి చూశాం. నిలబడలేదు. అది ఇప్పటికీ పళ్ళెంలో అడ్డంగానే పడి ఉంది.

ఇందులో నాకు ఏదీ అర్థం కాలేదు. దయ్యాల మీద నా అభిప్రాయం మారలేదు. కానీ షాపు నుంచి వచ్చి తాళం తియ్యగానే, చెప్పులు కూడా విడవకుండా, ముందు వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ మీదకు చూస్తాను.