మూడు సర్వర్ల సారు

ఆత్మకూరుకు ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజుల్లో, బస్టాండు ఎదురుగా మాకు కంప్యూటర్ నేర్పిన సారుది ఉదయగిరి. మెయిల్ ఐడీ కావాలని ఒక ఇంట్లోవాళ్లు వస్తే అందరికీ ఒకే కంపెనీ సర్వర్లో తెరిచేవారు కాదు. మొగుడికి ఒకచోట, పెళ్లానికి ఇంకోచోట.

"మా నాయన గొర్రెల్ని రెండు దొడ్లకు తోలేవాడమ్మా. ఒకదాంట్లో రోగమొస్తే రెండోది మిగలాల గదా" అనేవారు.

తనకైతే మూడు సర్వర్లలో మూడు ఐడీలు. రోజూ పొద్దున ఇంటర్నెట్‌కు ఫోన్ లైను కలవగానే మొదటిదాన్నుంచి మిగతా రెండింటికీ "బాగుండావా?" అని రాసేవారు. ఆ రెండూ తెరిచి "బాగుండాను" అని తనే జవాబిచ్చుకునేవారు. సర్వర్లు పనిచేస్తున్నాయో లేదో చూడటానికట. ఇంకెవరి ఉత్తరమూ ఆ మూడింట్లో నేను చూడలేదు.

ఒకరోజు మూడో సర్వరు తెరుచుకోలేదు. సారు టీ కూడా తాగకుండా సాయంత్రందాకా మౌసు నొక్కుతూనే కూర్చున్నారు. మర్నాడు అది తెరుచుకుంది. రోజూ రాసే మాట మానేసి, "నిన్నంతా ఏమైపోయినావు?" అని టైపు చేసి దానికి పంపారు.

నేను వెనకే నిలబడి ఉండటం అప్పుడు చూశారు.

"టెస్టింగమ్మా" అన్నారు.