ఒకే గుట్ట రాళ్లు

మా పక్కింటి టీచరమ్మ మొన్న మంగళవారం పొద్దున చనిపోయింది. బోరబండలో ఆమె దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లు చాలామంది. నేను రెండో తరగతి దాటని రాళ్ల మేస్త్రిని. నాకూ నేర్పింది. కూరగాయల బండి దగ్గర వంకాయలు తిప్పి తిప్పి ఏరినట్టే మాటలూ ఏరేది. బండివాడూ విసుక్కునేవాడు, నేనూ విసుక్కునేవాణ్ణి.

నిరుడు రాయదుర్గంలో ఒక కంప్యూటర్ల ఆఫీసు కట్టారు. అక్కడి గుట్టను పగలగొట్టింది మేమే. ఆ రాయినే వాళ్ల గుమ్మం ముందు పరుస్తామని అడిగాను. "నీ రాయి ఎలాంటిదో ఇంగ్లీషులో రాసి తీసుకురా" అన్నాడు ఇంజినీరు. లేకపోతే బయటినుంచి పాలిష్ బండలు దించుతారు, మా పన్నెండుమందికి పని ఉండదు.

టీచరమ్మ దగ్గరికి పోయాను. "అన్ని రాళ్లు ఒక్క తీరుగ ఉంటయని రాయమ్మా."

"ఉంటాయా అండీ?"

ఉండవు. ఒకచోట బూడిద రంగు, ఇంకోచోట గులాబీ ఛాయ. నాలుగు ముక్కలు తెప్పించి వరండాలో పెట్టించింది. తడిస్తేనే అసలు రంగు తెలుస్తుందని నేను నీళ్లు పోశాను.

"అయితె డిఫరెంట్ అని రాయమ్మా. దుకాణాల బోర్డుల మీద గదే ఉంటది."

"అలా రాస్తే ఈ రాయి వేరు, ఆ రాయి వేరు అనుకుంటాడండీ. వేరియస్ అనే మాట పది రకాలు అమ్ముకునేవాడికి సరిపోతుంది. వేరీడ్ అని రాస్తాను. రాయి ఒకటే, ఛాయలు మారతాయని."

"ఒక్క మాటకు గింత పరేషానా? రాయి చూస్తే తెల్వదా వానికి?"

"రాయికంటే ముందు చూసేది కాగితమే కదా, మేస్త్రిగారూ."

నాకు కోపం వచ్చింది. ఛాయలు మారతాయని మనమే చెప్పుకుంటే ఎవడు తీసుకుంటాడు? లేచి వచ్చేశాను. మర్నాడు ఆమే మా ఇంటికి వచ్చింది. "అబద్ధం మటుకు నా చేత్తో రాయను. అంత మంచి రాయిని మీరే దాచిపెడితే ఎలాగండీ?" అని, వేరీడ్ అనే రాసిన కాగితం చేతిలో పెట్టి పోయింది.

ఇంజినీరు రెండుసార్లు చదివాడు. "రంగు మారుతుందని ముందే చెప్పినవాడివి నువ్వొక్కడివే" అని పని మాకే ఇచ్చాడు. టీచరమ్మకు థాంక్స్ చెప్పలేదు. అది నాకు చేతకాదు. బండలు పరిచినాక ఆటోలో తీసుకుపోయి చూపించాను, అంతే.

ఆమె గుమ్మం ముందు చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది. "అమ్మా, ఇది గుడి కాదు, ఏస్కోండ్రి" అని కాపలావాడు నవ్వాడు. ఆమె వినిపించుకోలేదు. బూడిద బండ మీద ఒక అడుగు, గులాబీ బండ మీద ఒక అడుగు వేస్తూ మెల్లగా నడిచింది. మెడలో ఆఫీసు బిళ్లలు వేసుకున్న ఉద్యోగాల పిల్లలు గబగబా వస్తూ, ఆమె దగ్గరికి రాగానే అటూ ఇటూ తప్పుకుని లోపలికి పోతున్నారు.