వంశపటంలోంచి తీసేసిన తండ్రులు

దేవకికి డాక్టరేటు తెచ్చిపెట్టిన పరిశోధన తప్పు. ఆ మాట మొదట అన్నది దేవకే. పదేళ్ళకు పైగా కనిపించిన ప్రతివాళ్ళకీ చెబుతూనే ఉంది. ఆమె పక్కగదిలో వృక్షశాస్త్రం చెప్పే నేను కూడా చాలాకాలం చెవిన పెట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

దేవకి తండ్రి నిజామాబాద్ నుంచి మహారాష్ట్ర వచ్చి ముద్ఖేడ్‌లో స్థిరపడ్డ రైల్వే గార్డు. ఆమె హైదరాబాదులో జంతుశాస్త్రం చదివి, 1965లో నాందేడ్‌లోని మా కాలేజీలో లెక్చరర్‌గా చేరింది. ల్యాబులో సీసాల నిండా పండ్ల ఈగల్ని పెంచేది. వరండా అంతా మగ్గిన అరటిపండు వాసన. వంకర రెక్కల మగ ఈగను మామూలు ఆడ ఈగతో కలిపితే పిల్లల్లో సగానికి వంకర రెక్కలే వస్తాయని ప్రతి ఏడూ పిల్లలకు చూపించేది. "సగం తల్లిది, సగం తండ్రిది" అని బోర్డు మీద పెద్దక్షరాలతో రాసేది.

ఆ సీసాలు కడిగేవాడు అనంతరాములు. కుండల్‌వాడి మనిషి, దేవకి కంటే పద్నాలుగేళ్ళు పెద్ద. 1967లో ఒకరోజు సెలవడగడానికి వచ్చాడు.

"మా అక్క ముత్తెమ్మకు రొమ్ముల గడ్డ లేసింది బాయీ. పుండయింది. మా నాయినమ్మ గిట్లనే పోయింది. మేనత్త గూడ గిట్లనే పోయింది."

దేవకి చేతిలో సుద్దముక్క పక్కన పెట్టేసింది. ఆ ఆదివారమే సర్కారు ఎస్టీ బస్సెక్కి అతనితో కుండల్‌వాడి పోయింది. నలభై ఒక్కేళ్ళ ముత్తెమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అత్తింటివాళ్ళు ఆమె ఎదుటే "పుట్టింటి పాపం" అంటున్నారు. రెండు నెలలకు ముత్తెమ్మ చనిపోయింది.

ఆ తర్వాత మూడేళ్ళ ఆదివారాలు దేవకి బస్సుల్లోనే గడిపింది. కుండల్‌వాడి, బిలోలి, ధర్మాబాద్, ఆ ఇంటి ఆడపిల్లల్ని ఇచ్చిన బోధన్ దాకా తిరిగింది. ముసలమ్మల పక్కన కూర్చుని ఎవరు ఎవరి బిడ్డ, ఎవరు ఏ జబ్బుతో పోయారు అని రాసుకుంది. నాలుగు తరాలు, నూట పన్నెండు మంది. వాళ్ళలో పదకొండు మంది ఆడవాళ్ళకు రొమ్ములోనో కడుపులోనో గడ్డలు. ఏడుగురికి తల్లి వైపు నుంచి వచ్చింది. ముత్తెమ్మతో కలిపి నలుగురికి మాత్రం తండ్రి వైపు నుంచి. ఆ తండ్రులకు ఏమీ కాలేదు. నిక్షేపంగా బతికి, కూతుళ్ళకు దాన్ని ఇచ్చిపోయారు.

అదంతా ఒక పెద్ద డ్రాయింగ్ షీటు మీద వేసింది. ఆడవాళ్ళకు సున్నాలు, మగవాళ్ళకు డబ్బాలు. జబ్బు వచ్చినవాళ్ళకు నల్లరంగు నింపింది.

"నేనేడున్న బాయీ?" అన్నాడు అనంతరాములు.

"గీ డబ్బ నువ్వే అన్నా. అది నీల ఉన్నదో లేదో తెల్వది. ఉండనూవచ్చు, లేకపోనూవచ్చు, సగం సగం."

"ఉంటే?"

"నీకేం గాకపోవచ్చు. బిడ్డలకు రావచ్చు."

అతనికి ఇద్దరు కూతుళ్ళు, భాగ్యవతి, పరమేశ్వరి. తడిచేతిని లుంగీకి తుడుచుకుని ఆ డబ్బా మీద వేలు పెట్టి కాసేపు చూశాడు.

దేవకి పరిశోధనకు గైడుగా ఉన్న ప్రొఫెసర్ పేరు రాయను. ఆయన్ని ఇంకోసారి అచ్చులో చూడటం నాకిష్టం లేదు. ఆయన షీటు చూసి నవ్వాడట.

"ఇది ఆడవాళ్ళ జబ్బమ్మా. తల్లి నుంచి కూతురికి వస్తుంది. మధ్యలో ఈ మగవాళ్ళెందుకు? ఈ నలుగురివీ కాకతాళీయం. తీసెయ్, బొమ్మ శుభ్రంగా ఉంటుంది."

దేవకి రెండేళ్ళు పోట్లాడింది. ఆయన రెండేళ్ళూ సంతకం పెట్టలేదు. ఇక్కడ మా ప్రిన్సిపాలు "పట్టా ఇంకెప్పుడు?" అని ప్రతి మీటింగులో అడిగేవాడు. 1973లో ఆమె ఓడిపోయింది. నలుగురు ఆడవాళ్ళనూ వాళ్ళ తండ్రులనూ ఆ తండ్రుల మిగతా పిల్లలనూ బొమ్మలోంచి తీసేసింది. ఆ ఏడే పట్టా వచ్చింది, మరుసటేడు పేపరు అచ్చయింది. స్టాఫ్‌రూములో పేడాలు పంచారు. నేను రెండు తిన్నాను. అచ్చయిన పేపరు కాపీ ఒకటి దేవకి అనంతరాములుకూ ఇచ్చింది.

1976లో ఒక సంస్థవాళ్ళు బిలోలిలో క్యాన్సర్ పరీక్షల క్యాంపు పెట్టారు. ఎవరిని జాగ్రత్తగా చూడాలో దేవకి పేపరును బట్టే రాసుకున్నారు. భాగ్యవతికి అప్పుడు ఇరవై ఆరేళ్ళు. చంకలో పాలుతాగే పిల్ల. రొమ్ములో గడ్డ తగులుతోందని మధ్యాహ్నం దాకా లైనులో నిలబడింది.

"మీ అమ్మకు ఉన్నదా?" అని డాక్టరు అడిగాడు.

"లేదు."

"అమ్మమ్మకు?"

"లేదు. మా మేనత్తకుండె."

"మేనత్త లెక్కల రాదు. ఇది పాలగడ్డ. కాపడం పెట్టుకో, పో."

చదువుకున్నవాడు చెప్పాడు కదా అని ఎనిమిది నెలలు కాపడం పెట్టుకుంది. నాందేడ్ దవాఖానాకు తెచ్చేసరికి జబ్బు ఎముకల్లోకి పోయింది. 1978 మార్చిలో చనిపోయింది.

దినాలు అయ్యాక అనంతరాములు ల్యాబుకు వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. అతనికి ఇంగ్లీషు రాదు, కానీ బొమ్మ చదవడం వచ్చు. అచ్చు కాపీ విప్పి దేవకి ముందు పెట్టాడు.

"గీ బొమ్మల నేనేడున్న బాయీ?"

"లేవన్నా."

"మా నాయిన?"

"లేడు."

"మా అక్క ముత్తెమ్మ? ఆమె పుండు మీరు మీ కండ్లతోని సూసిండ్రు గద?"

"ఆమె గూడ లేదు. గైడు తీసెయ్యమన్నడు."

"తీసిందెవ్వరు?"

"నేనే."

"మేమే లేకపోతిమి. మరి నా బిడ్డ ఎట్ల సచ్చిపోయింది?"

అతను కాగితం అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. గంట తర్వాత ల్యాబులోంచి సీసాలు పగులుతున్న చప్పుడు వినిపిస్తే, అనంతరాములే అనుకుని పరుగెత్తాను. పగలగొడుతున్నది దేవకి. పన్నెండేళ్ళుగా పెంచిన ఈగల సీసాలు ఒక్కొక్కటే గోడకేసి కొడుతోంది. "ఈగల సంగతి తెల్సు నాకు! ప్రతి ఏడు చెప్పిన! ఈగకు తండ్రుంటడు, మనిషికి ఉండడా?" అని అరుస్తోంది. ఆమె చెయ్యి తెగి రక్తం కారుతోంది. నేను పట్టుకోబోతే తోసేసింది. వారం రోజులు వరండా నిండా ఈగలే.

తర్వాత పేపరు అచ్చేసిన పత్రికకు అది తప్పని ఉత్తరం రాసింది, జవాబు లేదు. గైడుకు రాస్తే, ఒక్క చావుతో శాస్త్రం మారదని, విశ్రాంతి తీసుకొమ్మని రాశాడు. 1980లో ఒక సదస్సులో ఆయన ఆ పేపరునే మెచ్చుకుంటూ మాట్లాడుతుంటే దేవకి లేచింది.

"ఆ పేపరు రాసింది నేను. అది అబద్ధం. నలుగురిని దాచినం. దాచినందుకు ఒక పిల్ల చచ్చిపోయింది. ఆ పిల్ల పేరు భాగ్యవతి."

అధ్యక్షుడు కూర్చోమన్నాడు. ఆమె మళ్ళీ మొదటినుంచి చెప్పింది. పక్కన కూర్చున్న నేను సిగ్గుతో ఆమె కొంగు పట్టి లాగాను. తిరిగి చూసి నా చెయ్యి విదిలించేసింది. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

డాక్టరేటు వెనక్కి తీసుకోమని యూనివర్సిటీకి అర్జీ పెట్టింది. పట్టా వాపసు తీసుకునే నిబంధన లేదని జవాబొచ్చింది. గది తలుపు మీది పేరులో 'డాక్టర్' అనే మాటను బ్లేడుతో గీకేసింది. ప్రమోషన్ రాలేదు, ఆమె అడగలేదు.

ఆ ఇంటి ఆడవాళ్ళను హెచ్చరించడానికి ఆదివారాలు మళ్ళీ బస్టాండుకు పోవడం మొదలుపెట్టింది. ఒక పొద్దున అనంతరాములు అక్కడ నిలబడి ఉన్నాడు.

"మీ మాట ఆళ్ళు ఇనరు. నా మాట ఇంటరు," అన్నాడు. "కోపం పోయిందనుకోకుండ్రి. పోలె."

"పోవద్దన్నా. నాకూ పోలె," అంది దేవకి.

కుండల్‌వాడిలో మొదట అనంతరాములు చిన్నాయన కొడుకు రామచందర్ ఇంటికి పోయారు. అతనికి పెళ్ళికెదిగిన ముగ్గురు కూతుళ్ళు. ఏడాదికి రెండుసార్లు పరీక్ష చేయించమని దేవకి చెబుతుండగానే అతను లేచాడు.

"మా మగోళ్ళ రక్తంల రోగమున్నదని ఊరంత చాటుతవా? నా పిల్లలకు సంబంధాలొస్తయా?"

"సంబంధాలు బతికున్నోళ్ళకు గద గావాలె!"

"లే, నడువు బయటికి!"

అనంతరాములు తమ్ముడి భుజం పట్టుకున్నాడు. "నేనే ఇచ్చిన రా భాగ్యవతికి. తెల్వక ఇచ్చిన. నువ్వు తెలిసి గూడ కండ్లు మూసుకుంటవా? నీ బిడ్డను గూడ నా బిడ్డలెక్క కాటికి మోస్తవా?" అతని గొంతు వీధి చివరిదాకా వినపడిందట. రామచందర్ ఇద్దర్నీ బయటికి నెట్టి తలుపేశాడు. కానీ సాయంత్రం బస్సు కదిలే ముందు అతని భార్య ముగ్గురు కూతుళ్ళనూ వెంటబెట్టుకుని వచ్చింది. పరీక్ష ఎట్లా చేసుకోవాలో దేవకి మూతబడ్డ దుకాణం వెనక నిలబడి వాళ్ళకు చూపించింది.

అట్లా నేర్చుకున్నవాళ్ళలో అనంతరాములు రెండో కూతురు పరమేశ్వరి ఒకతె. 1984లో ఆమె చేతికి శనగగింజంత గడ్డ తగిలింది. నాందేడ్‌లో చూసిన డాక్టరు ఆరునెలలు ఆగుదామన్నాడు. హైదరాబాదు ఆస్పత్రికి చీటీ రాసిచ్చేదాకా దేవకి ఆయన గదిలో కుర్చీ వదల్లేదు. బయట రోగులు గొడవచేసినా లేవలేదు. ఆపరేషన్ అయింది. భర్త ఆర్నెల్లు పుట్టింట్లో వదిలేసి, తర్వాత వచ్చి తీసుకుపోయాడు. పరమేశ్వరి బతికి ఉంది, ఆరోగ్యంగా ఉంది.

మరుసటేడు ఒక చిన్న పత్రిక దేవకి సవరణను పేజీన్నరలో వేసింది. అందులో పదకొండు మందీ ఉన్నారు, భాగ్యవతితోనూ పరమేశ్వరితోనూ కలిపి పదముగ్గురు. డబ్బాలన్నీ ఉన్నాయి. దాన్ని చదివినట్టు ఇంతవరకు ఎవరూ ఆమెకు ఒక్క కార్డుముక్క రాయలేదు. పాత పేపరును మాత్రం ఇప్పటికీ ఉదహరిస్తూనే ఉన్నారు.

ఒకసారి నేను, "పోనీలే, పరమేశ్వరినైనా కాపాడినవు," అన్నాను.

"పోనీలే అనకు," అని కసిరింది. "ఆ మాటే అందరూ అంటరు."

ఇది 1989. అనంతరాములు రిటైరై రెండేళ్ళయింది. మొన్న ఆదివారం ఇద్దరూ బోధన్ పోయారు. ముత్తెమ్మ మనవరాలు అక్కడ కాపురముంటోంది. ఇంటివాళ్ళు తలుపు తియ్యలేదట. గంటసేపు ఎండలో నిలబడి వచ్చారు.