పీపాలోని తీర్థం

ఫ్రాన్స్‌లోని కోన్యాక్‌కి వెకేషన్‌కి వెళ్ళినవాళ్ళెవరూ బ్రాందీ గోదాము చూడకుండా తిరిగి రారట. జీవితంలో చుక్క ముట్టని నన్ను అమెరికాలోని చాండ్లర్ నుంచి అంత దూరం లాక్కెళ్ళాడు మా ఆయన.

ఊరి చివర చిన్న గోదాము. దాని యజమాని, తెల్లజుట్టు పెద్దాయన, మూలనున్న పీపా మీద చెయ్యి వేసి, "ఇది మా నాన్న నింపింది. ఆ ఏడాదే పోయారు," అన్నారు ఇంగ్లీషులో. గాజు గొట్టంతో కాస్త బ్రాందీ తీసి నన్ను చెయ్యి పట్టమన్నారు.

అలవాటుగా ఎడమచేతి మీద కుడిచెయ్యి పెట్టి పట్టాను. నాలుగు చుక్కలు పడగానే తాగేసి, తడి చెయ్యి తలకు రాసుకున్నాను. గొంతు భగ్గుమంది.

"అయ్యో, తాగేశావా! చేతులు రబ్ చేసి స్మెల్ చూడాలంతే," అన్నాడు మా ఆయన.

సిగ్గుతో చచ్చిపోయాను. "సారీ. మా గుళ్ళో తీర్థం ఇలాగే తీసుకుంటాం. దేవుడి దగ్గరిది కదా, చెయ్యి తుడిచేసుకోం," అని పెద్దాయనకి చెప్పుకున్నాను.

ఆయన నవ్వలేదు. తన అరచేతిలోనూ నాలుగు చుక్కలు వేసుకుని తాగి, ఆ చెయ్యి నెమ్మదిగా తెల్లజుట్టుకి రాసుకున్నారు.

"ఇన్నేళ్ళూ అమ్మడానికే దీని వాసన చూశాను," అన్నారు, పీపాకి బిరడా బిగిస్తూ.