గుడిలోంచి వెళ్ళిన కారు

రాజమండ్రిలో ఆ స్కానింగు సెంటరు తలుపు ఎంత మందంగా ఉన్నా లోపలి చప్పుడు బయటికి వస్తూనే ఉంటుంది. ముందు ఎవరో టకటకమని తలుపు కొట్టినట్టు, తర్వాత గుయ్యిమని ఒకే శ్రుతిలో, ఆ తర్వాత లయ మార్చి ధన్ ధన్ మని, ఇక అయిపోయిందిలే అనుకునేసరికి మళ్ళీ మొదలు. మొన్న ఆ తలుపుకు ఎదురుగా బెంచీ మీద, మా ఆవిడ తీసి ఇచ్చిన గాజులూ గొలుసూ ముక్కుపుడకా చేతిరుమాల్లో మూటకట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కొన్నాళ్ళుగా ఆమెకు ఎడమ చెవి వినపడడం లేదు. వయసు వల్లనే అని మేం సరిపెట్టుకున్నాం గానీ డాక్టరుగారు సరిపెట్టుకోలేదు. రెండు చెవులూ సమంగా తగ్గితే వయసు అనుకోవచ్చు, ఒక్క వైపే తగ్గిందంటే లోపల నరం మీద కణితి లాంటిదేమైనా ఉందేమో చూడాలన్నారు. ఉంటే ఏం చేస్తారని ఆమే అడిగింది. నేను ఆ జవాబు వినే ధైర్యం లేక కిటికీలోంచి ఆటోల వంక చూస్తూ నిలబడ్డాను.

నాకు కంగారు పుట్టుకతో వచ్చింది. మా నరసాపురంలో రైలు బయలుదేరేదే అక్కడి నుంచి అయినా, ఎక్కడ దాటిపోతుందోనని బాగా ముందే వెళ్ళి ఖాళీ పెట్టెలో కూర్చునే మనిషిని. లోపలికి వెళ్తూ మా ఆవిడ నా వంక చూసి, "పోనీ మీరెళ్ళి పడుకోండి, నేను బయట కూర్చుంటాను. మీ మొహం చూస్తే స్కానింగు మీకే అనుకుంటారండి," అని నవ్వి వెళ్ళింది. ఆ నవ్వు తలుపు వెనక్కి వెళ్ళిపోయాక మూట ముడి మళ్ళీ బిగించుకున్నాను. గొట్టంలా ఉండే ఆ యంత్రంలో కదలకుండా పడుకోవాలట, భయం వేస్తే నొక్కడానికి చేతిలో ఒక రబ్బరు బుడ్డి పెడతారట. ఎప్పుడు నొక్కుతుందోనని తలుపు వైపే చెవి పెట్టుకుని ఉన్నాను. అలా వింటూ ఉండగానే, ఈ చప్పుళ్ళతో నాకు పాత పరిచయం ఉందని తోచింది. నా ఈడువాళ్ళందరూ రేడియోలో సినిమా పాటలకోసం కాచుకు కూర్చున్న రోజుల్లో, మా ఇంట్లో మోగింది సరిగ్గా ఇలాంటి సంగీతమే.

మా నాన్నగారు నరసాపురం లూథరన్ గుడిలో పెడల్ ఆర్గన్ వాయించేవారు. మిషను ఆసుపత్రిలో చాలా ఏళ్ళు పనిచేసిన జర్మనీ నర్సమ్మగారు స్వదేశానికి తిరిగి వెళ్ళిపోతూ, సంగీతం తెలిసిన మనిషి కదా అని, తన రికార్డు ప్లేయరునూ, దాని రెండు స్పీకరు పెట్టెలనూ, అట్టపెట్టెడు రికార్డులనూ నాన్నగారికి ఇచ్చి వెళ్ళారు. ఆ రికార్డులన్నీ జర్మనీలో ఒకే బృందం చేసినవి. తీగలూ తోలూ లేని వాయిద్యాలు, కరెంటుతో పలికే యంత్రాలు పెట్టుకుని నలుగురు మనుషులు చేసిన సంగీతం అది. లోకంలో అలాంటి ప్రయత్నం మొదట చేసినవాళ్ళలో వాళ్ళొకరని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆవేళ మాకు తెలిసింది ఒక్కటే. ఇచ్చింది మిషను నర్సమ్మగారు, వచ్చింది మా లూథరన్ శాఖ పుట్టిన జర్మనీ నుంచి, కాబట్టి అవి దేవుడి పాటలు కాక ఇంకేమవుతాయి? పైన ఉన్న రికార్డు అట్ట మీద కొండల మధ్యకు వెడల్పాటి రోడ్డు, దాని చివర కిరణాలు చిమ్ముతున్న సూర్యుడి బొమ్మా ఉన్నాయి. నాన్నగారు కళ్ళద్దాలు సవరించుకుని చూసి, ఇది పరలోకానికి వెళ్ళే దారి అని తేల్చేశారు.

ముందే ఒకసారి విని చూస్తే పోయేది కదా అని మీరు అడగవచ్చు. నాన్నగారికి ఒక పట్టింపు ఉండేది. ఆరాధనకు వాడబోయే వస్తువు ఏదైనా, కొవ్వొత్తి కానివ్వండి, కొత్త పాటల పుస్తకం కానివ్వండి, మొదటిసారి గుడిలోనే వాడాలి తప్ప ఇంట్లో తెరవకూడదు. అమ్మ బల్లగుడ్డ కుట్టినా అది గుడి బల్ల మీద పరిచేదాకా మా ఇంట్లో ఎవరం దాని మడత విప్పకూడదు. అందుచేత ఆ పెట్టె మా మంచం కింద అలాగే ఉండిపోయింది. ఇంతలో నా పెళ్ళి కుదిరింది, పెళ్ళి వారం ఉందనగా ఆర్గన్ గాలితిత్తి తోలు ఎలుకలు కొట్టేశాయి. ఇక పెళ్ళికూతురు నడిచి వచ్చేటప్పుడు ఆ పైనున్న రికార్డే పెడదామన్నారు నాన్నగారు.

ఆ పెళ్ళి కుదరడమే గండంగా కుదిరింది. మా ఆవిడ వాళ్ళది గోదావరి అవతల ఊరు, వాళ్ళు బాప్టిస్టులు. ముంచి బాప్తిస్మం ఇచ్చేవాళ్ళం మనం, నెత్తిన నాలుగు చుక్కలు చిలకరించుకునేవాళ్ళకు పిల్లనిస్తావా అని వాళ్ళ పెదనాన్నగారు చివరిదాకా అడ్డుపుల్లలు వేస్తూనే ఉన్నారు. బడిపంతులైన మామగారు మెత్తని మనిషి, అన్నగారు గట్టిగా కాదంటే కాదనగలిగే మనిషి కాదు. పెళ్ళినాడు గోదావరి దాటించే పంటు దిగిన దగ్గర్నుంచీ ఆ పెదనాన్నగారు మా వైపు లోపాలు వెతుకుతూనే ఉన్నారు. గుడిలో బల్ల ముందు నిలబడి నేను ఆయన మొహమే చూస్తున్నాను. ఒక్క తప్పు దొరికితే చాలు, ఆయన పిల్లను తీసుకుని అదే పంటు మీద వెనక్కి వెళ్ళిపోతారని నా భయం.

మా గుళ్ళో మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు కూర్చుంటారు, మధ్యలో నడవ. మైకు సెట్టు కుర్రవాడి చేత నాన్నగారు ఒక స్పీకరు పెట్టె మగవాళ్ళ వైపూ, ఒకటి ఆడవాళ్ళ వైపూ పెట్టించారు. పెళ్ళికూతురు గుమ్మంలో నిలబడింది. పాదిరి అయ్యగారు అందరినీ లేవమన్నారు. నాన్నగారు ముల్లు రికార్డు మీద ఆనించి, భక్తితో కళ్ళు మూసుకున్నారు.

మొదట కారు తలుపు ధడాలున పడింది. తర్వాత ఇంజను గురగురలాడి అందుకుంది, హారన్ మోగింది, ఆ కారు మగవాళ్ళ మధ్యలోంచి బయలుదేరి, నడవ దాటి, ఆడవాళ్ళ వైపుగా దూసుకుపోయింది. గుడిలో తలలన్నీ దానితోపాటే ఇటు నుంచి అటు తిరిగాయి. వెనక బల్లల మీద వాళ్ళు నిజంగానే ఎవరిదో కారు లోపలికి వచ్చేసిందనుకుని పిల్లల్ని దగ్గరకు లాక్కున్నారు. దాని వెనకే యంత్రాల తాళం, దాని మీద తీయగా, తాపీగా ఒక రాగం మొదలయ్యాయి. నాన్నగారు కళ్ళు తెరిచి, ముల్లు ఎత్తాలా వద్దా తెలియక చెయ్యి గాలిలో పెట్టుకుని ఉండిపోయారు. ఆరాధనలో మొదలుపెట్టింది మధ్యలో ఆపకూడదన్నదీ ఆయన పట్టింపే మరి. పెదనాన్నగారు లేచి నిలబడ్డారు. నా పెళ్ళి అయిపోయిందనుకున్నాను, అంటే జరిగి కాదు, చెడి.

పెళ్ళికూతురు నడవ మధ్యలో ఆగిపోయింది. ముసుగులో మొహం కనపడడం లేదు. అప్పుడు ఇంకో కారు వచ్చింది, ఈసారి అటు నుంచి ఇటు. ఆమె తల దాన్ని వెంబడించి మెల్లగా తిరగడం చూశాను, భుజాలు కదలడం చూశాను. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. నవ్వు ఆపుకుంటూ ఆ యంత్రాల తాళానికి సరిగ్గా అడుగు కలిపి నడిచి వచ్చి నా పక్కన నిలబడింది. పిల్లే వచ్చి నిలబడ్డాక పెదనాన్నగారు చేసేదేముంది, కూర్చున్నారు. భోజనాల దగ్గర మాత్రం ఊరుకోలేదు. "వెడల్పు దారి ఎక్కడికి పోతుందో మీకు నేను చెప్పాలా బావగారూ?" అని రికార్డు అట్ట చూపిస్తూ నాన్నగారిని అందరి ముందూ అడిగారు. నాశనానికి పోయే దారి వెడల్పని బైబిల్లో ఉంది మరి. ఆ సాయంత్రం రిక్షాలో ఇంటికి వెళ్తుంటే మా ఆవిడ నాతో ఆడిన మొదటి మాట, "కారు ఉందనుకున్నానండి."

నాన్నగారు ఆ రికార్డుల పెట్టెను మళ్ళీ ముట్టలేదు. మా ఆవిడే ఒక్కొక్కటీ తీసి విన్నది. రేడియో తరంగాల మీద చేసినదొకటి, అందులో గరగరలు విని అమ్మ స్టేషను సరిగా తిప్పమని కేకేసేది. దేశాలు దాటిపోయే రైలు మీద ఇంకొకటి, పట్టాల చప్పుడు అచ్చం మన రైలే. మరమనుషుల మీద చేసినది పెడితే మాత్రం అమ్మ కిటికీలు మూసేసి, ఇరుగుపొరుగులు ఏమనుకుంటారోనని ప్రార్థన చేసుకునేది. వాటికి ముందు చేసిన పాత రికార్డులో వేణువు కూడా ఉండేది, యంత్రాలు పూర్తిగా చేరకముందు వాళ్ళూ మనలాగే ఊదుకునేవారన్నమాట. తర్వాతెప్పుడో నర్సమ్మగారు కంప్యూటర్ల మీద వాళ్ళు చేసిన రికార్డు పంపారు. అప్పటికి మా ఆఫీసులోకి కంప్యూటరు ఇంకా రాలేదు. అది విన్నప్పుడల్లా ఆ యంత్రం వచ్చి గుమాస్తాలందరినీ ఇంటికి పంపేస్తుందని నేను బెంగపడేవాణ్ణి. మా ఆవిడకు వీటన్నిటిలోకీ ఆ కారే ఇష్టం. రెండు పెట్టెల మధ్య చాప వేసుకుని, లేసు అల్లే సూది చేతిలో పట్టుకుని, కారు ఎటు పోతే అటు తల తిప్పుతూ వినేది. రికార్డుకు ఒక పక్క మొత్తం అదే ప్రయాణం. అది అయ్యేదాకా ఇంట్లో ఎవరం పలకరించకూడదు.

స్కానింగు గదిలో చప్పుడు ఆగింది. తలుపు తెరుచుకుని మా ఆవిడ బయటికి వచ్చింది, జుట్టు రేగి, చిన్నపిల్లలా. బుడ్డి నొక్కలేదట. భయం వేయలేదా అంటే, వేసిందండి, కానీ మన రికార్డులే అనుకుంటూ పడుకున్నాను, అంది. నేను మూట విప్పి గొలుసు మెడలో వేశాను, గాజులు ఆమే వేసుకుంది. రిపోర్టు కాసేపట్లో ఇస్తాం, పేరు పిలుస్తాం, కూర్చోండి అన్నారు.

కూర్చున్నాం. అక్కడ అందరం అలాగే కూర్చుని ఉన్నాం, ఎవరి ఫోను వాళ్ళు పట్టుకుని, ఎవరి చెవుల్లో వైర్లు వాళ్ళు పెట్టుకుని, ఎవరి భయం వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని. ఆ పాత ప్లేయరు పాడైపోయి ఎన్నేళ్ళో అయింది గానీ, ఆ బృందం చేసినవన్నీ, ముసలితనంలో సైకిలు పందేల మీద చేసినదాంతో సహా, ఇప్పుడు నా జేబులోని ఫోనులో ఉన్నాయి. మా ఆవిడ కారు పెట్టమంది. నాకు పెట్టబుద్ధి కాలేదు. ఎడమ వైపుకు దాటగానే కారు ఆమెకు వినపడకుండా పోతుందని, ఆమెకు తెలియకపోయినా నాకు తెలుసు. అయినా అడిగింది కదా అని వైర్ల చిక్కు విప్పి, కుడిది ఆమె చెవిలో పెట్టాను. రెండోది ఆమె ఎడమ చెవిలో పెట్టబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపి, "అది మీరు పెట్టుకోండి," అంది. తెలుసన్నమాట.

తలుపు పడింది, ఇంజను అందుకుంది. నాకు వినపడీ వినపడకుండా ఉంది, కారు ఆమె దగ్గరే ఉంది. అలవాటు చొప్పున ఆమె తల మెల్లగా, ఎడమ పక్కన కూర్చున్న నా వైపు తిరిగింది. అప్పుడొక గుడి మొత్తం ఒకే కారును చూసింది, మగవాళ్ళూ ఆడవాళ్ళూ, లూథరన్లూ బాప్టిస్టులూ, కోపగించుకున్నవాళ్ళూ నవ్వినవాళ్ళూ అందరి మధ్యలోంచీ వెళ్ళింది అది. ఇవాళ దానికి దారి ఎంత చిన్నదైపోయింది! ఆమె కుడి చెవిలో మొదలై నా చెవిలోకి రావాలి, అంతే.

"వచ్చిందాండీ?" అంది.

"వచ్చింది. ఇదిగో, దాటుతోంది," అన్నాను.

సరిగ్గా అప్పుడే కౌంటరు దగ్గర మా ఆవిడ పేరు పిలిచారు. పిలుపు ఎడమ వైపు నుంచి వచ్చింది, ఆమెకు వినపడలేదు. నాకు వినపడింది. కారు పూర్తిగా దాటిపోయేదాకా నేను లేవలేదు.