చిక్కడపల్లిలో దొరికిన లెయల్తాద్

2012 వేసవిలో నారాయణగూడలో స్పానిష్ నేర్చుకునేదాన్ని. నేను పనిచేసే కాల్ సెంటర్లో స్పానిష్ విభాగానికి మారాలంటే ఒక ఆదివారం జరిగే మౌఖిక పరీక్ష గట్టెక్కాలి. పరీక్ష కోసం మా స్పానిష్ మేడం నాకిచ్చిన పదం ‘లెయల్తాద్’. “నిఘంటువు అర్థం వద్దు. మీ కళ్లతో చూసింది పెట్టి వాక్యం చెప్పండి” అన్నారు. విశ్వాసం, విధేయత అని ఎంత వల్లెవేసినా నాకు మా వీధి కుక్క తప్ప ఇంకేదీ తట్టలేదు. ఇంట్లో కూర్చుంటే తోచేలా లేదని పరీక్ష రోజు పొద్దున్నే బయల్దేరాను.

ముషీరాబాద్‌లో షేర్ ఆటో ఎక్కి డ్రైవరన్నను అడిగాను, విశ్వాసం అంటే ఏం గుర్తొస్తుందని.

“నా బండే అక్కా. ఎన్నడు పరేషాన్ చెయ్యదు” అన్నాడు. క్రాస్ రోడ్స్ రాకముందే బండి ఆగిపోయింది. ఐదు రూపాయలూ ఇచ్చి నవ్వుకుంటూ దిగాను. అశోక్ నగర్‌లో హాస్టల్ పిల్లల మధ్య నిలబడి ఇడ్లీ తిని, నడుచుకుంటూ చిక్కడపల్లి గ్రంథాలయానికి వెళ్లాను.

ఎనిమిదింటికి తలుపు తీయగానే అందరూ పరుగు. ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు కుర్చీల మీద తువ్వాళ్లు వేసి చోటు ఆపుకుంటారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన ఫ్యాన్ కింద కుర్చీలో తువ్వాలు వేసి పక్కనే నిలబడ్డాడు. చేతిలో పుస్తకం లేదు.

“ఇక్కడ కూర్చోవచ్చా?”

“లేదక్కా, మా దోస్తు వస్తడు. ట్యూషన్ చెప్పి వచ్చేసరికి ఫ్యాన్ కింద జాగ దొరకదు వానికి.”

“మరి మీరు చదువుకోరా?”

“నాకు పోయినేడే నౌకరి వచ్చింది. ఆదివారం సెలవు, అందుకే వస్త.”

“సెలవు రోజున నిద్ర మానుకుని వస్తారా?”

“ఇద్దరం ఒక్కసారే మొదలుపెట్టినం అక్కా. వానికి రాకుంటే నాది అయిపోయినట్టు ఎట్లయితది?”

కాసేపటికి ఆ స్నేహితుడు చెమటలు కక్కుతూ వచ్చాడు. “ఛాయ్ తాగినవా?” అని మాత్రం అడిగి, తువ్వాలు తీసి కూర్చున్నాడు. నాకు వాక్యం దొరికింది.

అక్కడి నుంచి నారాయణగూడ నడక దూరమే. మేడం ముందు కూర్చుని, “లా లెయల్తాద్ ఎస్ గ్వర్దార్లె లా సియ్యా అ ఉన్ అమీగో” అన్నాను. స్నేహితుడి కోసం కుర్చీ ఆపడమే లెయల్తాద్ అని. ఎవరి కుర్చీ అని ఆవిడ అడిగితే, సగం స్పానిష్‌లో, సగం తెలుగులో అంతా చెప్పాను. పరీక్ష గట్టెక్కాను.

స్పానిష్ విభాగానికి మారాక ఆ మాట ఫోన్లో ఎందరితోనో వాడాను. వాడినప్పుడల్లా ఆ ఇస్త్రీ చొక్కాయే గుర్తొచ్చి మనసు తేలికవుతుంది. మీరు ఆదివారం ఆ గ్రంథాలయానికి వెళ్తే తలుపు తీయకముందే చేరుకోండి. తువ్వాలున్న కుర్చీ ఎంతసేపు ఖాళీగా కనిపించినా కూర్చోకండి, ఎవరో వస్తుంటారు.